రక్షణ ఎవరికి? దేని వలన?

లింగంపల్లి నుంచి సంగారెడ్డి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే ఈసారి ఒక పని చేయండి. దారిలో కనిపించే బోర్డుల మీద ‘రక్షణ’ అన్న మాట గాని, దాని చుట్టాలు గాని ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టండి. కర్మాగారం గేటు మీద ‘పర్యావరణ పరిరక్షణ’ అని ఉంటుంది. ఎరువుల దుకాణం మీద ‘సస్యరక్షణ మందులు’. ఊరి చివర నీళ్ళ ట్యాంకు మీద ‘రక్షిత మంచినీటి పథకం’. ఎద్దుమైలారం వైపు మళ్ళితే, దేశ రక్షణ కోసం 1984లో నెలకొల్పిన ఆయుధ కర్మాగారం ఉంది. సైనికులను మోసుకుపోయే ఉక్కుకవచపు బండ్లు అక్కడ తయారవుతాయి.

మాట ఒక్కటే. కాని నీళ్ళ ట్యాంకుకూ, యుద్ధపు బండికీ, పురుగుల మందుకూ ఏమిటి సంబంధం?

ఈ చిక్కు విప్పడానికి ముందు తెలుగు పండితుల దగ్గరికి వెళదాం. సైన్సు మాస్టారికి వ్యాకరణంతో ఏం పని అని నవ్వకండి. చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో ‘వలన’ అనే విభక్తి ఎక్కడెక్కడ వస్తుందో చెబుతూ, భయంతో పాటు ‘త్రాణం’ అనే మాటను కూడా చేర్చాడు. త్రాణమంటే రక్షణే. అంటే రక్షణ అన్న మాట ఒంటరిగా నిలబడదన్నమాట. ఎవరికి రక్షణ, దేని వలన రక్షణ అనే రెండు ప్రశ్నలకూ జవాబు ఉంటేనే దాని అర్థం పూర్తవుతుంది. యుద్ధపు బండి విషయంలో జవాబులు తేలిక: లోపలి సైనికునికి, బయటి తూటా వలన.

కొన్నిచోట్ల జవాబు కొంచెం దాగి ఉంటుంది. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఉంది కదా. అక్కడి జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల విత్తనాలు లక్షకు పైగా నమూనాలున్నాయి. వాటిని బాగా ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో దాచారు. దొంగల భయమా? కాదు. ఇక్కడ శత్రువు కాలమే! తేమ, వేడి ఉన్నచోట గింజలోని జీవం త్వరగా ఖర్చయిపోతుంది.

ఇప్పుడు మీలో చాలామందికి తెలిసిన వస్తువును తీసుకుందాం. కర్మాగారంలో పనిచేసే మీ నాన్నగారో, అన్నయ్యో ముక్కుకు కట్టుకునే గుడ్డ. అది దుమ్మును కొంతవరకు ఆపుతుంది. మరి టోలీన్ వంటి ద్రావకాల ఆవిరినో? ఆపదు. దుమ్ము రేణువుతో పోలిస్తే ఆవిరిలోని అణువు ఎన్నో వేల రెట్లు చిన్నది. దారాల సందుల్లోంచి హాయిగా దూరిపోతుంది. ఆవిరిని పట్టాలంటే ఉత్తేజిత బొగ్గు నింపిన ముసుగు కావాలి. ఆ బొగ్గు ఒక్క గ్రాములో ఉండే సన్నని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే 500 చదరపు మీటర్లు దాటుతుంది. కబడ్డీ కోర్టు 130 చదరపు మీటర్లే! అంత నేల మీద ఆవిరి అణువులు అతుక్కుపోతాయి. గుడ్డ కట్టుకున్నవాడు తనకు రక్షణ ఉందనే అనుకుంటాడు. నిజమే, ఉంది. కాని దుమ్ము వలన మాత్రమే. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. పేలుడు వలన రక్షణ అనేది ముసుగులో ఉండేది కాదు. యంత్రంలో, భవనంలో, పనిచేసే పద్ధతిలో ముందే ఉండాలి.

‘రక్షిత మంచినీరు’ సంగతి కూడా ఇలాంటిదే. పటిక కలిపి మడ్డిని పేరబెడతారు, ఇసుకలో వడగడతారు, క్లోరిన్ కలుపుతారు. కలరా, టైఫాయిడ్ క్రిములు చస్తాయి. ఈ పద్ధతి కాపాడిన ప్రాణాలకు లెక్కలేదు. అయితే నీటిలో కరిగిన లవణాలను, లోహాలను క్లోరిన్ ఏమీ చేయలేదు. ఈ పారిశ్రామిక ప్రాంతంలో బోరు నీళ్ళు చూడడానికి తేటగా ఉన్నా తాగడానికి పనికిరాకుండా పోయిన ఊళ్ళున్నాయి. (అన్నట్టు, హైదరాబాదుకు తాగునీరిచ్చే మంజీర జలాశయం 1978 నుంచి మొసళ్ళకు అభయారణ్యం కూడా! అక్కడ ఎవరికి ఎవరి వలన రక్షణ అని అడిగితే మొసలి ఒక జవాబు చెబుతుంది, జాలరి మరొకటి చెబుతాడు.)

ఇక అసలు సంగతి. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరలో కలిసేవి. రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. సుమారు 90 ఔషధ కర్మాగారాల నీరు అక్కడికి చేరేది. స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ కేంద్రం నుంచి శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములే ఉంటుంది. మొత్తం లెక్క వేస్తే ఒక్కరోజులో సుమారు 45 కిలోలు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90,000 వాగులో పోసినట్టు.

మందే కదా, విషం కాదు కదా అంటారా? ఆ మందు ఏం చేస్తుందో చూడండి. బాక్టీరియాలోని డి.ఎన్.ఏ. చేదతాడులాగా పురి తిరిగి ఉంటుంది. కణం రెండుగా చీలేముందు ఆ పురి విప్పాలి. ఆ పని గైరేజ్ అనే ఎంజైము చేస్తుంది: తాడును కోసి, పురి విప్పి, మళ్ళీ అతుకుతుంది. కోసిన క్షణంలో సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చి ఎంజైమును బిగించేస్తుంది. అతకడం కుదరదు. తాడు తెగిపోతుంది, బాక్టీరియా చస్తుంది. రోగికి రక్షణ, బాక్టీరియా వలన.

కాని అన్నీ చావవు. కొన్నింటిలో ‘క్యు.ఎన్.ఆర్.’ అనే జన్యువు ఉంటుంది. అది తయారుచేసే ప్రోటీను గైరేజ్‌ను అంటిపెట్టుకుని ఉండి, మందు దాని జోలికి రాకుండా అడ్డుకుంటుంది. ఇదీ రక్షణే! ఈసారి రక్షణ బాక్టీరియాకు, మన మందు వలన. పైగా ఇలాంటి జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డి.ఎన్.ఏ. ఉంగరాలపై ఉండి, ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి, ఒక్కోసారి వేరే జాతికి కూడా పోగలవు. మీరు నోట్సు ఇచ్చిపుచ్చుకున్నట్టే.

శుద్ధి కేంద్రం సంగతి ఆలోచించండి. మలినాన్ని తినే పని అక్కడ బాక్టీరియాదే. వాటికి ఊతంగా మనుషుల మురుగునీరు కూడా కలిపేవారు. మందు, బాక్టీరియా రాత్రింబగళ్ళు ఒకే తొట్టిలో. మందుకు లొంగినవి పోగా లొంగనివి మిగిలి, పెరిగి వాగులో పడతాయి. ఆ కేంద్రం నుంచి సేకరించిన బాక్టీరియాపై 39 రకాల మందులు ప్రయోగించి చూశారు. వాటిలో నూటికి 86 బాక్టీరియా 20 మందులకో, అంతకన్నా ఎక్కువ మందులకో లొంగలేదని 2013లో తేలింది. వాగును కాపాడడానికి కట్టినదే క్రిములకు వ్యాయామశాల అయిందన్నమాట.

ఆ తర్వాత ఆ నీటిని గొట్టాల ద్వారా హైదరాబాదులోని అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. నక్కవాగుకు కొంత ఊరట. అయితే అంబర్‌పేట నీరు కలిసేది మూసీలో. మూసీ కింద కూడా వరి పండించే రైతులున్నారు.

మరి కర్మాగారం నుంచి బయటికి ఎంత మందు వదలవచ్చు? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నియమాలలో యాంటీబయాటిక్ మందులకు పరిమితులు సూచించింది. 2021లో వచ్చిన తుది నియమాలలో అవి లేవు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద మొదటిసారిగా మార్గదర్శకాలు వెలువరించింది. బాక్టీరియా మందుకు అలవాటు పడకుండా ఉండాలంటే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు మించకూడదని 2016లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. 2007 నాటి 31 మిల్లీగ్రాములంటే 31,000 మైక్రోగ్రాములు. దీన్ని దానితో భాగించి, ఎన్ని రెట్లో మీ నోటుపుస్తకంలో రాసి చూడండి.