ద్వితీయభాషా బోధనము - దోషవిచారము

మాతృభాష అలవడిన పిమ్మట నేర్చుకొను భాషను ద్వితీయభాష యందుము. దానిని బోధించు పద్ధతులు పలుమారులు మారినవి. విద్యార్థి చేయు దోషమును పండితులు అర్థము చేసికొనిన తీరును బట్టి యీ మార్పులను చక్కగా గ్రహింపవచ్చును.

వ్యాకరణానువాద పద్ధతిలో దోషము సూత్రము తెలియమికి గుర్తు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో ప్రబలిన శ్రవణభాషణ పద్ధతిలో భాష యొక అలవాటు, దోషము దురలవాటు. మాతృభాష అలవాట్లు చొరబడుటయే దోషమునకు ముఖ్యహేతువనియు, రెండు భాషల నిర్మాణములను పోల్చినచో కష్టస్థలములను ముందే గుర్తింపవచ్చుననియు 1957లో రాబర్ట్ లాడో ప్రతిపాదించెను.

ఇందు సత్యాంశము లేకపోలేదు. తెలుగున వినువానిని కలుపుకొన్నచో ‘మనము’, విడిచినచో ‘మేము’. హిందీలో రెంటికిని ‘హమ్’ ఒక్కటే. కావున హిందీ మాతృభాషగాగల విద్యార్థి తోడివానితో ‘మేము పోదాము’ అన్నచో కారణము స్పష్టము. అతడే ‘మేకలు’, ‘పలకలు’ అను రూపములను చూచి ‘ఇల్లులు’ అన్నాడనుకొందము. దీనికి హిందీలో మూలము లేదు. బహువచనమునకు ‘లు’ చేర్చవలెనని అతడు తానుగా కనుగొన్నాడు. ‘ఇండ్లు’ అను విశేషరూపమును మాత్రము ఇంకను ఎఱుగడు. ఇది అజ్ఞానము కాదు, అసంపూర్ణ జ్ఞానము.

1959లో స్కిన్నర్ వాదమును చామ్‌స్కీ తీవ్రముగ విమర్శించెను. దోషములు విద్యార్థి మనస్సులోని భాషావ్యవస్థకు సాక్ష్యములని 1967లో పిట్ కార్డర్ వాదించెను. మాతృభాషయు లక్ష్యభాషయు కాని ఆ నడిమి భాషకు 1972లో లారీ సెలింకర్ ప్రత్యేకముగ పేరిడెను. 1979-84 నడుమ ఎన్. ఎస్. ప్రభు నడపిన బెంగుళూరు ప్రణాళికలో ఆంగ్లమును వ్యాకరణక్రమమున గాక, అర్థముపై దృష్టి నిలుపు పనుల ద్వారా బోధించిరి.

అట్లని దోషములను దిద్దరాదని కాదు. కెనడాలో ఏండ్లతరబడి ఫ్రెంచి మాధ్యమమున చదివిన ఆంగ్లభాషీయులు ఆ భాషను చక్కగా గ్రహించినను, వారి మాటలలో వ్యాకరణదోషములు నిలిచిపోయినవని పరిశీలనలు తెలిపినవి.

గోండీ, కోయ, సవర, ఉర్దూ మాతృభాషలుగాగల మన విద్యార్థులకు తెలుగు ద్వితీయభాషయే. ఉద్యోగారంభమున నేనును అట్టివారి వ్రాతలపై ఎఱ్ఱసిరా గీతలు గీచి, వారిని మందమతులని తలచితిని. గీత గీయుటకు ముందు ఈ దోషము మాతృభాషనుండి వచ్చినదా, తెలుగునుండియే పుట్టినదా యని విచారింపవలసియుండెను. మొదటిదైనచో రెండు భాషలకుగల భేదమును చూపవలెను; రెండవదైనచో మరికొన్ని ఉదాహరణములు అందింపవలెను.