కొంకణ తీరంలో కుటుంబంతో చేపల గాలం: తిథి చూసి తేదీ

మహాశివరాత్రి దాటి ఎండ ముదిరే వేళకు సోలాపూర్ తూర్పు భాగంలోని సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, భద్రావతి పేఠ్ ఇళ్లలో కొంకణ ప్రయాణపు మాట మొదలవుతుంది. పిల్లలు సముద్రం చూడాలంటారు. పెద్దలలో ఒకరిద్దరికి గాలం వేయాలన్న ముచ్చట ఉంటుంది. హిప్పర్గా చెరువులోనో, ఉజని జలాశయపు ఒడ్డునో బొచ్చె, కొర్రమీను పట్టిన అనుభవం ఉన్నవారు ప్రతి వాడలోనూ కనిపిస్తారు. కారఖానాకు సెలవు, బడికి సెలవు, బీడీల లెక్క ముగిసిన రోజు, ఈ మూడూ కలిసి రావడం అరుదు. అందువల్ల చాలా కుటుంబాలు ప్రయాణానికి ఉగాదిని గాని, దాని ముందటి అమావాస్యను గాని ఎంచుకుంటాయి. కొన్ని నేత ఇళ్లలో అమావాస్యనాడు మగ్గం ఎక్కని ఆచారం ఇంకా మిగిలి ఉంది కనుక ఆ రోజు కూలి పోయిందన్న బాధ కూడా ఉండదు.

సెలవుల లెక్కన చూస్తే ఈ ఎంపికలో తప్పు లేదు. సముద్రపు లెక్కన చూస్తే మాత్రం, వర్షాకాలాన్ని మినహాయించి, పిల్లలను ఒడ్డుకు తీసుకుపోవడానికి అంతకంటె అననుకూలమైన రోజులు కొద్దిగానే ఉంటాయి.

చెరువు నీటిమట్టం వారాల మీద మారుతుంది. సముద్రం ఆరు గంటలలో మారుతుంది. పడమటి తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుచేత పోటు వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు వెనుకకు జరుగుతూ ఉంటుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలిచి నీటిని కలిసి లాగుతారు. అప్పుడు పోటు మిక్కిలి ఎత్తుకు లేచి, ఆటు మిక్కిలి లోతుకు దిగుతుంది. అష్టమి ప్రాంతంలో వారి ఆకర్షణలు ఒకదానికొకటి అడ్డంగా పనిచేయడం వల్ల పోటు నెమ్మదిస్తుంది. నీరు ఎంత ఎక్కువ ఎత్తు నుండి ఎంత తక్కువకు దిగుతుందో, ఖాడీ ముఖద్వారంలో, రాళ్ల సందులలో ప్రవాహం అంత వేగంగా ఉంటుంది.

సముద్రం ఈ ప్రభావాన్ని వెంటనే చూపదు. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చూపుతుంది. కనుక అన్నిటికంటె పెద్ద పోటు అమావాస్యనాడు కాక, ఆ మరునాడో ఆపైనాడో వస్తుంది. ఆ మరునాడే చైత్ర శుద్ధ పాడ్యమి, ఉగాది. దానికి తోడు రాత్రింబవళ్లు సమానమయ్యే మార్చి 20, 21 తేదీల దాపున వచ్చే అమావాస్య, పౌర్ణమి పోట్లు సంవత్సరంలోని పెద్ద పోట్లలో చేరతాయి. ఉగాది ఎప్పుడూ ఆ రోజులకు అటూ ఇటూగానే వస్తుంది. హోలీ, హనుమజ్జయంతి కూడా పౌర్ణములే. సెలవు దొరికే పండుగలు ఇన్ని, సముద్రం ఉరకలు వేసే రోజుల మీదనే పడటం విచిత్రమే.

ఒక్క పండుగ మాత్రం వేరు. అది శ్రీరామనవమి. అష్టమి నాటి మెత్తదనం సముద్రంలో నవమి, దశమి తిథులకు పూర్తిగా కనిపిస్తుంది. నవమినాడు కల్యాణం చూసి, పానకం, వడపప్పు పుచ్చుకుని, ఆ రోజు నీచు ముట్టని నియమం పాటించి, రాత్రికి బయలుదేరితే దశమినాడు గాలం వేయవచ్చు. ఏకాదశికి మళ్లీ ఇంటికి చేరవచ్చు. ఉగాదికి వెళ్లాలనుకునే కుటుంబం తన ప్రయాణాన్ని తొమ్మిది రోజులు వెనుకకు జరిపితే సరిపోతుంది. బడిపిల్లల వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో ఉంటాయి కనుక ఆ తేదీలను మాత్రం ముందే చూసుకోవాలి.

పోటు వేళను తెలుసుకోవడానికి కొంకణంలో ఒక పాత లెక్క ఉంది. తిథి సంఖ్యలో ముప్పాతిక వంతు ఎంతో, పోటు నిండే గంట అంత. చవితి అయితే నాలుగులో ముప్పాతిక మూడు, అంటే తెల్లవారుజామున మూడింటికి, మళ్లీ మధ్యాహ్నం మూడింటికి. దశమి అయితే ఏడున్నర. పాడ్యమి అయితే పన్నెండూ ముప్పావు. కృష్ణపక్షంలోనూ పాడ్యమి నుండి ఇదే లెక్క. ఆటు దానికి సుమారు ఆరు గంటల తరువాత వస్తుంది. ఇది ఉజ్జాయింపు మాత్రమే, గంట దాకా తేడా రావచ్చు. రేవులో ఆనాటి పోటు పట్టిక అడిగి సరిచూసుకోవాలి. ఇంటి గోడ మీది క్యాలెండరుతో ముందుగా తేదీని నిర్ణయించుకోవడానికి ఇది చాలు.

ఈ లెక్క దశమికి మరొక మేలు చూపుతుంది. ఉదయం ఏడున్నరకు పోటు నిండుతుందంటే, చల్లని వేళ అయిదున్నర నుండి ఎనిమిదిన్నర వరకు ఖాడీలో నీరు నిండుగా కదులుతూ ఉంటుంది. పైకెక్కే నీటితో పాటు చిన్న చేపలు, రొయ్యలు ఒడ్డుకు చేరతాయి, వాటి వెంట పెద్దవి వస్తాయి. గాలం పలికే సమయం అదే. నడి ఎండలో, ఒంటిగంటన్నర ప్రాంతంలో, ఆటు వచ్చి బురద తేలే వేళకు పిల్లలు నీడలో నిద్రపోతూ ఉంటారు. సాయంత్రం అయిదు దాటాక నీరు మళ్లీ ఎక్కుతుంది. ఉగాదినాడు ఇది తలకిందులు. తెల్లవారుజామున వెళ్తే ఎదురుగా కనిపించేది బురద, నీరు నిండేది మిట్టమధ్యాహ్నం. పెద్ద పోటుకు చేపలు ఎక్కువ పడతాయని జాలరులు చెప్పేది నిజమే. ఆ మాట వారి పడవకు, వారి అనుభవానికి చెందినది. ఏడేళ్ల బిడ్డ చేయి పట్టుకుని నిలబడిన తల్లికి చెందినది కాదు.

ఎక్కడ నిలబడాలన్నది తిథి తరువాతి ప్రశ్న. కెరటాలు నేరుగా విరుచుకుపడే ఇసుకతీరం గాలానికి గాని, స్నానానికి గాని తగదు. గణపతిపూళె తీరం దేవాలయం ముంగిటనే ఉండటంతో దర్శనం కాగానే నీటిలోకి దిగేవారు చాలామంది. అక్కడ నేల ఉన్నట్టుండి లోతుకు దిగుతుంది, వెనుకకు లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. సోలాపూర్ బావులలో ఈత నేర్చినవారు ఆ ప్రవాహానికి ఎదురీదాలని చూసి అలసిపోతారు. దానిలో చిక్కినవారు ఒడ్డు వైపు కాక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. లాగుడు ఆగిన తరువాతనే ఒడ్డుకు తిరగాలి. చూస్తున్నవారు దూకకూడదు. తాడు, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది తేలితే అది విసరాలి.

కుటుంబానికి తగినది ఖాడీ ఒడ్డు. రత్నాగిరి పట్టణానికి ఆనుకుని కాజళీ నది సముద్రంలో కలిసే భాట్యే ఖాడీ, ఉత్తరాన శాస్త్రీ నది కలిసే జయగడ్ ఖాడీ అటువంటివి. వాటిలోనూ ముఖద్వారానికి దూరంగా, గట్టి నేల ఉన్నచోట, స్థానిక జాలరులను అడిగి కూర్చోవాలి. మిరకరవాడా వంటి పెద్ద రేవు పని స్థలం. అక్కడ పడవల తాళ్ల నడుమ పిల్లలతో గాలం వేయడం వారికీ ఇబ్బందే. మాల్వణ్ వెళ్లదలచినవారు అక్కడ 1987లో ప్రకటించిన సముద్ర అభయారణ్యం ఉందనీ, సింధుదుర్గ కోట పరిసరాలు దాని పరిధిలోనివేననీ గుర్తుంచుకుని, ఎక్కడ వేట అనుమతమో మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి.

గాలపు సామగ్రికి పెద్ద ఖర్చు అవసరం లేదు. చేతితో విసిరే నైలాను తీగ, సీసపు గుండు, మధ్యరకం కొక్కేలు, ఎరకు పచ్చి రొయ్యలు చాలు. ముడి విషయంలో మాత్రం నేతవారు తమ చేతిని తాము నమ్మకూడదు. తెగిన పోగును అతికే నేతముడి, జాలరి వల అల్లే ముడి రూపంలో ఒక్కటే. సాంచా మీద బతికే చేతులకు, వల మీద బతికే చేతులకు మధ్య ఉన్న ఈ చుట్టరికం ముచ్చటైనదే కాని, నూలుపోగును పట్టే ఆ ముడి నున్నని నైలాను తీగ మీద జారిపోతుంది. తీగను కొక్కెపు కన్నులోంచి దూర్చి, దాని చుట్టూ దానినే అయిదారు చుట్లు తిప్పి, కొనను కన్ను దగ్గరి మొదటి సందులోంచి తీసి, తడిచేసి మెల్లగా బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తీగ బలహీనపడుతుంది.

ఖాడీలో తరచు పడేది జెల్ల, మరాఠీలో శింగాళా. దాని వీపు మీద, రెండు పక్కల ఉండే ముళ్లలో విషం ఉంటుంది. పిల్లలను కొక్కెం తీయనివ్వకూడదు. తోకలో ముల్లు దాచుకున్న టేకు చేప లోతులేని బురదలో పరుచుకుని ఉంటుంది. నీటిలో నడవవలసి వస్తే పాదం ఎత్తి వేయక, నేల మీద జరుపుతూ నడిస్తే అది తొలగిపోతుంది. ముల్లు దిగితే చర్మం కాలనంత వేడినీటిలో ఆ భాగాన్ని అరగంట నుండి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఫ్లాస్కులో వేడినీరు తీసుకుపోవడం అందుకే. ఆ తరువాత వైద్యుని చూడాలి. పట్టగానే బంతిలా ఉబ్బే చేపను, ఎంత పెద్దదైనా, వండకూడదు. దాని విషం ఉడికినా పోదు.

పడవ ఎక్కదలచినవారు తలకొక లైఫ్‌జాకెట్ ఉంటేనే ఎక్కాలి. పిల్లలకు పిల్లల కొలతదే ఉండాలి. బయలుదేరే ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరికలతో పాటు, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఇచ్చే అలల సూచన కూడా చూడాలి. దూరపు దక్షిణ సముద్రంలో పుట్టిన ఉప్పెనలు ఎండాకాలంలో, ఇక్కడ గాలి ఏమాత్రం లేని రోజునే, పడమటి తీరాన్ని తాకుతుంటాయి. కేరళ జాలరులు దీనిని దొంగ సముద్రం అన్న అర్థంలో కల్లక్కడల్ అంటారు. ఆకాశం నిర్మలంగా ఉందన్నది చాలినంత ఆధారం కాదు. సముద్రంలో ఆపద వస్తే తీరరక్షక దళం నంబరు 1554, ఒడ్డున అయితే 112.

మహారాష్ట్ర తీరంలో యంత్రపు పడవల వేటకు జూన్ 1 నుండి జూలై 31 వరకు నిషేధం. శ్రావణ పౌర్ణమినాడు, సోలాపూర్‌లో మార్కండేయుని రథం కదిలే రోజున, కొంకణ జాలరులు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి వేటకు వెళ్తారు. బంధువులున్నారని చీరాల వాడరేవుకో మచిలీపట్నానికో వెళ్లే కుటుంబాలకు లెక్క మారుతుంది. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉంటుంది కనుక, నవమి ఆలస్యంగా వచ్చిన ఏడు అక్కడ మోటారు పడవ దొరకదు. ముప్పాతిక వంతు లెక్క కూడా ఆ తీరపు పోట్లకు సరిపోదు.

దారి 166వ జాతీయ రహదారి. సాంగోలా, మిరజ్, సాంగ్లీ, కొల్హాపూర్ మీదుగా ఆంబా ఘాట్ దిగితే రత్నాగిరి. రైలులో వచ్చేవారికి కొల్హాపూర్ దాకానే సౌకర్యం, అక్కడినుండి బస్సు. రాత్రంతా బండి నడిపిన డ్రైవరు తెల్లవారుజామున ఘాట్ మలుపులు దిగకుండా కొల్హాపూర్‌లో రెండు గంటలు పడుకోవడం మంచిది. ఆ రెండు గంటలకు ఒక పోటు తప్పితే సాయంత్రం మరొకటి వస్తుంది. రాత్రి ఇసుక మీద తిరిగేవారు దీపాలు ఆర్పుకోవాలి. ఈ జిల్లాలోని వేళాస్ వంటి తీరాలలో ఈ నెలలలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు గుడ్లలోంచి వెలువడి నీటి వైపు పాకుతాయి. వాటిని ముట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

పట్టిన చేపను అక్కడే వండుకుని తినడం అన్నిటికంటె మేలు. ఇంటికి తేవాలంటే పట్టిన వెంటనే పేగులు తీసి, చేప బరువుకు సమానమైన బరువు మంచుగడ్డ పొడి చేసి, థర్మకోల్ పెట్టెలో పొరలు పొరలుగా వేయాలి, కరిగిన నీటిని వంచేస్తూ ఉండాలి. రేవు బజారులో కొనేవారికి పేర్లు తెలియాలి. మన కానాగంత అక్కడ బాంగడా, వంజరం సురమయి, చందువ పాపలెట్, పండుగప్ప జితాడా. వీటిలో బాంగడా విషయంలో మరింత జాగ్రత్త. ఎండలో కొన్ని గంటలు మంచు లేకుండా ఉంటే దానిలో పుట్టే విషపదార్థం వంటతో నశించదు. తిన్నవారికి ముఖం ఎర్రబారి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఏకాదశి పాటించే ఇళ్లలో ఆ పెట్టె ద్వాదశి దాకా తెరవరు కనుక, దారిలో సాంగ్లీలోనో మిరజ్‌లోనో ఒకసారి, ఇంటికి చేరాక మరొకసారి మంచు నింపుకోవలసి ఉంటుంది.