డ్రిల్ బిట్ గాడిలోంచి పుట్టిన మిల్లింగ్ యంత్రం

ఇనుముకు బెజ్జం వేసే డ్రిల్ బిట్ ఒకటి చేతిలోకి తీసుకోండి. మొన దగ్గర మొదలైన రెండు గాడులు, కర్రకు తీగ చుట్టుకున్నట్టు, మెలి తిరుగుతూ పైకి పోతాయి. లోపల తెగిన పొట్టు బయటికి రావడానికి అవే దారి. ఒకప్పుడు ఆ గాడులను మనిషి కూర్చుని, సన్నటి గుండ్రటి ఆకురాయితో అరగదీసేవాడు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ టూల్ కంపెనీ సైన్యానికి తుపాకులు చేసేది. తుపాకీ మీద మందు టోపీ తొడిగే చిన్న మొనకు సన్నటి బెజ్జం వేయాలి. అందుకు బిట్లు కావాలి, బిట్లకేమో చేతి ఆకురాయే గతి. అక్కడ పని చూస్తున్న ఫ్రెడరిక్ హౌ కళ్లు ఆ చేతుల మీద పడ్డాయి. ఇంత పని మనిషి చేత చేయించడమేమిటని ప్రావిడెన్స్ ఊళ్లోనే యంత్రాలు చేసే జోసెఫ్ బ్రౌన్ దగ్గరికి వెళ్లాడు.

మిల్లింగ్ అప్పటికే ఉంది. లేత్ మీద ముక్క తిరుగుతుంది, ఉలి కోస్తుంది. మిల్లింగ్‌లో తిరిగేది పళ్లున్న కట్టర్. ముక్కను బల్లకు బిగిస్తే బల్ల మెల్లగా జరుగుతూ దాన్ని కట్టర్‌కు అందిస్తుంది. మొదటి యంత్రం 1818 ప్రాంతంలో ఎలీ విట్నీ చేశాడని చాలా పుస్తకాలు రాశాయి. తర్వాతి చరిత్రకారులు ఒప్పుకోలేదు, ఆ పనిలో తుపాకీ కార్ఖానాల వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారన్నారు. హౌ కూడా అంతకుముందు వెర్మాంట్‌లో మిల్లింగ్ యంత్రాలు కట్టినవాడే. అయితే తిన్నటి గాడి వేరు, మెలిక గాడి వేరు. ముక్క ముందుకు జరుగుతూనే, అదే లెక్కలో తన చుట్టూ తాను తిరగాలి.

బ్రౌన్ గడియారాల పనిలోంచి వచ్చినవాడు, లెక్క తప్పని చెయ్యి. బల్లను కావలసిన కోణానికి తిప్పుకునేలా చేశాడు. బల్లను నడిపే మరను, ముక్కను పట్టుకునే తలను పళ్లచక్రాలతో కలిపాడు. బల్ల జరిగితే చాలు, ముక్క దానంతటదే తిరుగుతుంది. 1862 మార్చి 14న మొదటి యంత్రం హౌ కంపెనీకే అమ్ముడైంది. బిట్లతో పాటు పళ్లచక్రాలూ, బెజ్జాన్ని నునుపు చేసే రీమర్లూ దానిమీదే కోయవచ్చు. అందుకే దానికి యూనివర్సల్ మిల్లింగ్ మిషన్ అన్న పేరు నిలిచింది.

ఐటీఐలో మెషినిస్ట్ ట్రేడ్ చదివిన వాళ్లకు ఆ తల ఇండెక్సింగ్ హెడ్‌గా తెలుసు. పిడి 40 చుట్లు తిప్పితే ముక్క ఒక్క చుట్టు తిరుగుతుంది. 24 పళ్ల చక్రం కోయాలంటే 40ని 24తో భాగించాలి: ఒకటీ, మూడింట రెండు. 18 బెజ్జాల వరస ఉన్న ప్లేటు బిగించి, ఒక పూర్తి చుట్టు, మరో 12 బెజ్జాలు జరిపి పిన్ను దింపుతారు. ఒక్క బెజ్జం తప్పు లెక్కపెట్టినా చక్రం పాడైనట్టే. చేతికి బుద్ధి నేర్పే పని ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

1864లో బ్రౌన్ ఇంకో మెట్టు ఎక్కాడు: పదును పెట్టినా ఆకారం మారని కట్టర్. 1952లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు బెజ్జాలు కొట్టిన టేపుతో మిల్లింగ్ యంత్రాన్ని నడిపించారు. కంప్యూటర్ నడిపే నేటి సీఎన్‌సీ యంత్రాల దారి అక్కడ మొదలైంది.

బ్రౌన్ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాల్సిందే. మెలిక కోసే ఉపాయం ఆయనది. ఆకురాయి పట్టిన చేతులను చూసి ఆయన తలుపు తట్టినవాడు హౌ. మిల్లింగ్ పాఠం చెప్పే మాస్టర్లు ఆ రెండో పేరు కూడా బోర్డు మీద రాయాలని నా కోరిక.