పిల్లల్లో సోరియాసిస్: అంటదు, దాచనక్కరలేదు, మందు మానకూడదు



పిల్లవాడి మోచేతి మీదో, మోకాలి మీదో, తలలోనో పొలుసులతో మచ్చ కనిపించగానే తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న, "ఇది అంటువ్యాధా?" అని. రెండవది గొంతు తగ్గించి అడుగుతారు: "ఇది కుష్ఠు కాదు కదా, డాక్టరుగారూ?" మచ్చ సోరియాసిస్ అని తేలితే ఈ రెండింటికీ జవాబు "కాదు" అనే. మూడవ ప్రశ్న, "పూర్తిగా పోతుందా?" అన్నది. దానికి జవాబు కొంచెం ఓపికగా వినాలి.

సోరియాసిస్ అంటే ఏమిటి?

చర్మపు పైపొర ఎప్పటికప్పుడు కొత్తదవుతూ ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి మామూలుగా దాదాపు నెల రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో ఇదంతా నాలుగైదు రోజుల్లోనే జరిగిపోతుంది. పాతవి రాలకముందే కొత్తవి వచ్చి పేరుకుంటాయి. అవే వెండిరంగు పొలుసులు. మన పిల్లల చామనఛాయ చర్మం మీద మచ్చ ఎర్రగా కాక ముదురు గోధుమరంగులోనో, ఊదాగానో కనిపించవచ్చు.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి చర్మం మీద పని చేయడమే దీనికి మూలం. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ, కానీ తప్పక వస్తుందని కాదు. ఇంట్లో ఎవరికీ లేకున్నా రావచ్చు. కొందరు పిల్లల్లో గొంతునొప్పి, జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకు ఒళ్లంతా చినుకులు చల్లినట్టు చిన్న చిన్న మచ్చలు లేస్తాయి. గోకిన చోట, దెబ్బ తగిలిన చోట కూడా కొత్త మచ్చ రావచ్చు. అందుకే గోళ్లు పొట్టిగా కత్తిరించాలి, పొలుసులను గిల్లి లాగకూడదు.

కుష్ఠుతో ఎందుకు పొరబడతారు?

లేవీయకాండము 13వ అధ్యాయం చదివినవారికి చర్మం మీద మచ్చ అనగానే కుష్ఠు గుర్తుకు వస్తుంది. అక్కడి హెబ్రీ మాట ఒకే రోగానికి పేరు కాదు. పలురకాల చర్మవ్యాధులకూ, బట్టలకు, ఇంటి గోడలకు పట్టే మరకలకూ కూడా అదే మాట వాడారు. వైద్యులు సైతం చాలాకాలం ఈ రెండు రోగాలనూ కలిపే చూశారు. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా సోరియాసిస్ వేరు, కుష్ఠు వేరు అని స్పష్టం చేశారు.

కుష్ఠు క్రిమి వల్ల వస్తుంది. ఆ మచ్చ సాధారణంగా పాలిపోయి ఉంటుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. సోరియాసిస్ మచ్చకు స్పర్శ ఉంటుంది, పొలుసు రాలుతుంది, దురద కూడా పుట్టవచ్చు. తామర, చుండ్రు కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి ఇంట్లో తేల్చుకోకుండా డాక్టరుకు చూపించండి. ఒకవేళ అది కుష్ఠే అయినా భయపడనక్కరలేదు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులు ఇస్తారు, నయమవుతుంది.

చికిత్స ఎలా ఉంటుంది?

మొదటి మెట్టు, చర్మాన్ని ఎండిపోనివ్వకపోవడం. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం చేయించి, తడి పూర్తిగా ఆరకముందే వాజలీనో, కొబ్బరినూనో పట్టించాలి. సముద్రంలో ఆడి వస్తే మంచినీళ్లతో ఉప్పు కడిగి అప్పుడు నూనె రాయండి.

రెండవ మెట్టు పూతమందులు. తక్కువ శక్తిగల స్టెరాయిడ్ పూత, విటమిన్ డి రకానికి చెందిన కాల్సిపోట్రియాల్, తలకు తారు కలిసిన షాంపూ మొదలైనవి వయసునుబట్టి, మచ్చ ఉన్న చోటునుబట్టి డాక్టరు రాస్తారు. ముఖానికి రాసేది వేరు, మోకాలికి రాసేది వేరు. ట్యూబు నుండి పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవున తీసిన మందు, పెద్దవారి రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది.

మచ్చలు ఎక్కువగా ఉంటే మూడవ మెట్టు కాంతిచికిత్స. కళ్లకు రక్షణ పెట్టి, ప్రత్యేకమైన అతినీలలోహిత కిరణాలను వారానికి రెండు మూడుసార్లు కొలతగా పడనిస్తారు. ఇది పెద్ద ఆసుపత్రుల్లో ఉంటుంది. దీనికి బదులు బిడ్డను మండుటెండలో నిలబెట్టకండి. చర్మం కమిలితే రోగం పెరుగుతుంది.

వారానికి ఒక్కసారే వేసే మాత్ర

పూతలకు లొంగని సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ ఇవ్వవచ్చు. ఈ మందు వెనుక మన తెలుగువారి కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే 1940లలో ఫోలిక్ ఆమ్లాన్నీ, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులనూ తయారుచేసింది. అమినోప్టెరిన్ వాడినవారిలో సోరియాసిస్ మచ్చలు తగ్గుతున్నాయని అమెరికా వైద్యులు 1951లో ప్రకటించారు. అప్పటికి సుబ్బారావుగారు లేరు, 1948లో చనిపోయారు. ఈనాడు పిల్లల చీటీలో మెథోట్రెక్సేట్, దానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం రాసినప్పుడు ఆ రెండూ ఆ ఒక్క ప్రయోగశాల నుండి వచ్చినవే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాము. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేయాలి. పొరబాటున రోజూ వేస్తే నోటిపుండ్లు వస్తాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణానికే ముప్పు. ఒక రోజు నిర్ణయించుకొని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఆదివారం ఆరాధన నుండి వచ్చాక అనుకుంటే ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. ఫోలిక్ ఆమ్లం ఏ రోజు వేయాలో డాక్టరును అడగండి. చెప్పిన తేదీలకు రక్తపరీక్ష తప్పనిసరి. టీకాలు వేయించే ముందు ఈ మందు వాడుతున్నట్టు చెప్పండి.

ఇంకా కొత్త ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. వాటిలో ఎటనర్సెప్ట్‌ను నాలుగేళ్లు దాటిన పిల్లలకు వాడేందుకు 2016లో అమెరికా అనుమతించింది. ఇవి ఖరీదైనవి, మొదలుపెట్టే ముందు క్షయ లేదని చూసుకోవాలి. చాలామంది పిల్లలకు వీటి అవసరమే రాదు.

ఈ పొరబాట్లు చేయవద్దు

మెడికల్ షాపులో అడిగి "తామర పూత" కొని రాయకండి. వాటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి తిరగబడుతుంది, చర్మం పలుచబడి చారలు పడుతుంది.

పేరు చెప్పని పొడులు, మాత్రలు వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, ఆపిన వెంటనే ఒళ్లంతా చీముపొక్కులు లేచే ప్రమాదం ఉంది.

కఠిన పథ్యం పెట్టవద్దు. చేపలు, గుడ్లు, వంకాయ మాన్పిస్తే సోరియాసిస్ పోదు, ఎదిగే బిడ్డ నీరసిస్తాడు. బరువు మరీ పెరగకుండా చూస్తే చాలు.

ప్రార్థన చేయించుకున్నామని మందులు మానవద్దు. మేమూ ప్రార్థిస్తాము. సువార్త రాసిన లూకా వైద్యుడే. ప్రార్థనా, మందూ ఒకదానికొకటి అడ్డు కావు.

పూర్తిగా పోతుందా?

ఈ రోగం మళ్లీ రాకుండా శాశ్వతంగా తీసివేసే మందు నేటికీ లేదు. అలా మాట ఇచ్చి డబ్బు అడిగేవారిని నమ్మకండి. కానీ అదుపులో పెట్టవచ్చు. చర్మం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నున్నగా ఉండవచ్చు. మళ్లీ వస్తే అది మీ తప్పూ కాదు, బిడ్డ తప్పూ కాదు, శాపమూ కాదు. మళ్లీ చికిత్స మొదలుపెట్టాలి, అంతే.

బిడ్డకు దురదకంటే ఎక్కువ బాధ కలిగించేది పక్కన కూర్చోనివ్వని స్నేహితుడు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, చేయి పట్టుకున్నా సోరియాసిస్ అంటదు. ఈ సంగతి టీచరుగారికి మీరే చెప్పండి, బడి మాన్పించకండి. సండేస్కూలు పెద్దలకు మా మనవి: ఆ బిడ్డను వెనుక బెంచీలో కూర్చోబెట్టకండి. ప్రభువు కుష్ఠురోగిని సైతం చేయి చాపి ముట్టుకున్నారు. అంటని రోగం ఉన్న బిడ్డను ముట్టుకోవడానికి మనకెందుకు జంకు?

వెంటనే తీసుకురండి

ఒళ్లంతా ఎర్రబడినా, జ్వరంతో చీముపొక్కులు లేచినా, వేళ్లో కీళ్లో వాచి ఉదయం లేవగానే బిగుసుకున్నా, మెథోట్రెక్సేట్ వాడే బిడ్డకు నోటిపుండ్లు, జ్వరం, ఆగని దగ్గు వచ్చినా ఆలస్యం చేయవద్దు. వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడిన ట్యూబులు, ఖాళీ అయినవి కూడా, సంచిలో వేసుకొని రండి. ఏ మందు పడిందో తెలిస్తే సగం దారి తేలికవుతుంది.

మీ బిడ్డలకు దేవుడు ఆరోగ్యమును, మీకు ఓపికను దయచేయునుగాక.