ఇంజను ఆపితేనే వేట

ధ్వని పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు: "కళ్ళు మూసుకున్నా చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది కదా సార్, చెరువులో మునిగితే ఎందుకు తెలియదు?" దీనికి నాకు తెలిసినంతలో అందమైన జవాబు మొదటి ప్రపంచయుద్ధపు కాపలా పడవల అడుగున ఉంది.

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. జర్మన్ జలాంతర్గాముల భయంతో సంపన్నుల షికారు మోటారు పడవలను కొని, అద్దెకు తీసుకుని, ఫిరంగి బిగించి, ఎస్.పి. (సెక్షన్ పెట్రోల్) నంబరు వేసి తీరం కాపలాకు పంపారు. కావలిస్తే కాపలాకూ పనికొచ్చేలా 1916లోనే అలాంటి సొంత పడవలను గీసిచ్చినవాడు లోరింగ్ స్వేసీ. తర్వాత నౌకాదళానికి జలాంతర్గాములను వేటాడే 110 అడుగుల చెక్క పడవ, సబ్‌చేజర్‌ను గీసిందీ ఆయనే. అందులో 220 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్లు మూడు.

అంత బలమున్నా, అసలు వేట ఆ ఇంజన్లన్నీ ఆపేశాకే మొదలయ్యేది. సొంత రొదలో ఏదీ వినపడదు మరి.

పడవ అడుగునుంచి తలకిందులు "టి" ఆకారపు గొట్టం నీళ్ళలోకి దించేవారు. రెండు కొసలకూ బోలు రబ్బరు బుడ్డలు. ఒక్కో బుడ్డ నుంచి ఒక్కో చెవికి స్టెతస్కోపు గొట్టం. అంతే!

గాలిలో పక్కనుంచి వచ్చే చప్పుడు రెండో చెవికి సెకనులో పదివేలవంతుల్లో ఆరు వంతులు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాతోనే మెదడు దిక్కు పసిగడుతుంది. నీటిలో ధ్వని నాలుగున్నర రెట్లు వేగం కాబట్టి తేడా కుంచించుకుపోతుంది. బుడ్డలను దాదాపు మీటరు ఎడంగా పెడితే పాత తేడా మళ్ళీ దక్కుతుంది. మెదడుకు కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు, చెవులను దూరం జరిపితే చాలు! ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ మురిపిస్తుంది.

చప్పుడు నడినెత్తిన వినిపించేదాకా గొట్టం తిప్పాలి. అది ముందుందా, వెనకుందా? ఇంకాస్త కుడికి తిప్పితే, ముందున్న చప్పుడు ఎడమకు జరుగుతుంది, వెనకున్నది కుడికి. మూడు పడవలు ఒకేసారి ఆగి విని, రేడియో టెలిఫోనులో దిక్కులు చెప్పుకుంటే, మూడు గీతలు కలిసేచోట జలాంతర్గామి.

అయితే అదీ మోటార్లు ఆపేస్తే? వినడానికేమీ ఉండదు. ఎవరు ముందు కదిలితే వాళ్ళు దొరికిపోతారు.

యుద్ధం ముగిశాక చాలా ఎస్.పి. పడవలు యజమానులకు తిరిగి చేరాయి. ఆలోపే, 1918లో, ఫ్రాన్స్‌లో భౌతికశాస్త్రవేత్త లాంజెవిన్ క్వార్ట్జ్ పలకతో నీటిలోకి ధ్వని పంపి జలాంతర్గామి నుంచి ప్రతిధ్వని రాబట్టాడు. మోటార్లు ఆపి దాక్కోవడం ఆ పరికరం ముందు పనిచేయదు.