‘హ్యాజ్ గాన్’, ‘హ్యాజ్ బీన్’: ఒక్క మాటతో మారే అర్థం

బడికి పంపే సెలవు చీటీలో ఒక తండ్రి ‘మై వైఫ్ హ్యాజ్ గాన్ టు బళ్ళారి’ అని వ్రాశాడనుకుందాము. ఆమె బళ్ళారి వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు అని ఉపాధ్యాయుడు గ్రహిస్తాడు. అదే చోట ‘మై వైఫ్ హ్యాజ్ బీన్ టు బళ్ళారి’ అని వ్రాస్తే ఆమె వెళ్ళి వచ్చేసింది, ఇప్పుడు బళ్ళారిలో లేదు అని అర్థమవుతుంది. ఇంట్లో తల్లి లేనందున పిల్లవానికి సెలవు కావాలన్నది తండ్రి ఉద్దేశమైతే, రెండవ వాక్యం ఆ ఉద్దేశానికే విరుద్ధము.

‘గో’ అనే క్రియకు మూడవ రూపం ‘గాన్’. ‘బి’ అనే క్రియకు మూడవ రూపం ‘బీన్’. వీటికి ముందు ‘హ్యావ్’ గాని ‘హ్యాజ్’ గాని చేరితే దానిని ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ అంటారు. జరిగిపోయిన పనికి ఇప్పటి స్థితితో ఏదో ఒక సంబంధం ఉన్నదని చెప్పడమే ఈ రూపం ప్రయోజనము. ఆ సంబంధం ఏమిటన్నదే అసలు ప్రశ్న.

తెలుగులో మనం ‘వెళ్ళాడు’, ‘వెళ్ళి వచ్చాడు’ అని రెండు వేర్వేరు మాటలు వాడుతాము. ‘హ్యాజ్ గాన్’ మొదటిదానికి దగ్గర. ‘హ్యాజ్ బీన్ టు’ రెండవదానికి దగ్గర. అందువల్ల ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి తన గురించి ‘ఐ హ్యావ్ గాన్ టు హైదరాబాద్’ అనడం పొసగదు. హైదరాబాదుకు వెళ్ళి తిరిగి రానివాడు ఇక్కడ ఎలా నిలబడగలడు? ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘హ్యావ్ యు ఎవర్ బీన్ టు హైదరాబాద్?’ అని అడిగితే ‘ఎస్, ఐ హ్యావ్ బీన్ దేర్ ట్వైస్’ అని చెప్పాలి. రెండుసార్లు వెళ్ళి వచ్చానని దాని భావము.

‘టు’ స్థానంలో ‘ఇన్’ వస్తే కథ మళ్ళీ మారుతుంది. ‘హి హ్యాజ్ బీన్ ఇన్ బళ్ళారి ఫర్ టు డేస్’ అంటే రెండు రోజులుగా బళ్ళారిలోనే ఉన్నాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. ‘బీన్ టు’ తిరిగి వచ్చినవానికి, ‘బీన్ ఇన్’ ఇంకా అక్కడే ఉన్నవానికి అని గుర్తుంచుకుంటే చాలును.

సరిహద్దు గ్రామాల పిల్లలకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉన్నది. తెలుగులో ‘వెళ్ళి ఉన్నాడు’ అనే రూపం ఉన్నా, నిత్య సంభాషణలో ‘వెళ్ళాడు’ అనే అంటాము. ఇరుగుపొరుగు భాషలలో ఇటువంటి రూపం నిత్య వాడుకలో ఉన్నది. కన్నడంలో ‘హోగిద్దానె’, తమిళంలో ‘పోయిరుక్కిరాన్’, ఒడియాలో ‘జాఇఛి’, మరాఠీలో ‘గేలా ఆహే’. అన్నింటికీ ‘వెళ్ళి ఉన్నాడు’ అనే భావమే. అందుచేత అంగట్లోనో, బస్సులోనో ఈ మాటలు ప్రతిదినం వినే పిల్లవానికి ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ కొత్త వస్తువు కాదు. అయితే ఒక జాగ్రత్త అవసరము. కన్నడ, తమిళాలలో ‘నేను మైసూరు వెళ్ళి వచ్చినవాణ్ణే’ అని చెప్పడానికి కూడా ఇదే రూపం చాలును. ఇంగ్లీషులో ఆ సందర్భానికి ‘బీన్’ వాడక తప్పదు.

ఇంతకన్నా ముఖ్యమైన ఉపయోగం అర్జీలలో కనిపిస్తుంది. ‘నలభై ఏళ్ళుగా ఈ ఊరిలో ఉంటున్నాము’ అనే తెలుగు వాక్యంలో క్రియ వర్తమానంలో ఉన్నది. దానిని మాటకు మాట మార్చి చాలామంది ‘వి ఆర్ ఇన్ దిస్ విలేజ్ సిన్స్ ఫార్టీ ఇయర్స్’ అని వ్రాస్తారు. సరైన వాక్యం ‘వి హ్యావ్ బీన్ ఇన్ దిస్ విలేజ్ ఫర్ ఫార్టీ ఇయర్స్’. ఎంత కాలమో చెప్పేటప్పుడు ‘ఫర్’, ఎప్పటి నుండో చెప్పేటప్పుడు ‘సిన్స్’ వాడాలి: ‘ఫర్ ఫార్టీ ఇయర్స్’, ‘సిన్స్ 1985’. పై తప్పు వల్ల భావం చెడదు, చదివే అధికారికి విషయం తెలుస్తుంది. కాని ‘వి వర్ ఇన్ దిస్ విలేజ్ ఫర్ ఫార్టీ ఇయర్స్’ అని వ్రాస్తే భావమే మారుతుంది. ఒకప్పుడు నలభై ఏళ్ళు ఉన్నాము, ఇప్పుడు లేము అనే అర్థం వస్తుంది. నివాస ధ్రువపత్రం కోరే దరఖాస్తులో ఇది చిన్న పొరపాటు కాదు.

బడి విషయము కూడా ఇటువంటిదే. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరినది. దానిని ఆధారం చేసుకుని గ్రామస్థులు తెలుగు ఉపాధ్యాయుని కోసం అర్జీ పెట్టుకున్నారనుకుందాము. ‘అవర్ స్కూల్ హ్యాజ్ బీన్ వితౌట్ ఎ తెలుగు టీచర్ సిన్స్ జూన్’ అంటే జూన్ నుండి నేటి వరకు ఉపాధ్యాయుడు లేడు. ‘అవర్ స్కూల్ వాజ్ వితౌట్ ఎ తెలుగు టీచర్’ అంటే అప్పట్లో లేడు. ఇప్పుడు వచ్చాడేమో అని భావించి ఆ కాగితాన్ని పక్కన పెట్టే అవకాశం ఉన్నది.

వైద్యుని వద్ద కూడా అంతే. ‘మై సన్ హ్యాజ్ బీన్ ఇల్ ఫర్ త్రీ డేస్’ అంటే జబ్బు ఇంకా తగ్గలేదు. ‘వాజ్ ఇల్ ఫర్ త్రీ డేస్’ అంటే తగ్గిపోయినది.

చివరగా ఒక నియమము. ‘నిన్న’, ‘పోయిన సోమవారం’, ‘2010లో’ వంటి ముగిసిన కాలాన్ని పేర్కొన్నప్పుడు ఈ రూపం వాడరాదు. ‘హి హ్యాజ్ గాన్ యెస్టర్‌డే’ తప్పు, ‘హి వెంట్ యెస్టర్‌డే’ ఒప్పు. ‘జస్ట్’, ‘ఆల్రెడీ’, ‘ఎవర్’, ‘నెవర్’ వంటి మాటలతో మాత్రం ఇది చక్కగా కలుస్తుంది.

కనుక ఇంగ్లీషులో చీటీ గాని, అర్జీ గాని వ్రాసే ముందు ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వెళ్ళిన మనిషి తిరిగి వచ్చాడా? చెబుతున్న స్థితి ఇంకా కొనసాగుతున్నదా? ముగిసిన కాలాన్ని పేర్కొన్నామా? పిల్లలు చదువుకున్నవారైతే వారి చేతనే సమాధానాలు చెప్పించి, ఆ తరువాత పెద్దలు సంతకం చేయడం మంచిది. పిల్లలకు పాఠమూ వస్తుంది, కాగితమూ సరిగా వెళ్ళుతుంది.