ముక్కు చక్రం ఎందుకు విరుగుతుంది?

విమానం నడపడం నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పాఠం ల్యాండింగ్. శిక్షణ విమానాలు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. చాలాసార్లు విద్యార్థి క్షేమంగానే బయటపడతాడు. ప్రొపెల్లర్ వంగిపోతుంది, ముక్కు చక్రం విరిగిపోతుంది. తప్పు మాత్రం నేలను తాకేటప్పుడు కాదు, అంతకుముందే మొదలవుతుంది.

ప్రపంచమంతటా శిక్షణకు వాడే సెస్నా 172నే తీసుకుందాం. ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున ఉండే పలకలు) దించి రన్‌వే వైపు వచ్చేటప్పుడు దాని వేగం 60 నుంచి 70 నాట్ల మధ్య ఉండాలి. 65 నాట్లంటే గంటకు సుమారు 120 కిలోమీటర్లు. వేగం తగ్గితే పడిపోతామేమోనన్న భయంతో కొత్తవాళ్లు ఇంకో పది నాట్లు ఎక్కువే ఉంచుకుంటారు. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 75 నాట్లకు ఆ శక్తి మూడో వంతు ఎక్కువవుతుంది. పైగా నేల నుంచి ఎత్తు రెక్కల కొన నుంచి కొనకు ఉన్న దూరంకంటే, అంటే 11 మీటర్లకంటే తగ్గాక నేల ప్రభావం వల్ల గాలి నిరోధం తగ్గుతుంది. విమానం దిగనంటూ తేలుతూ పోతుంది. ముందు రన్‌వే అయిపోతూంటుంది.

అప్పుడు జరిగేదే అసలు ప్రమాదం. కంగారుపడి ముక్కు కిందికి నొక్కుతారు. వెనుక చక్రాలకంటే ముందు ముక్కు చక్రం తాకుతుంది. ఆ దెబ్బకు ముక్కు పైకి లేస్తుంది, రెక్క గాలిని తాకే కోణం పెరుగుతుంది, విమానం మళ్లీ గాల్లోకి ఎగురుతుంది. విద్యార్థి మళ్లీ నొక్కుతాడు. ఆ ఊగిసలాట వేగానికి మనిషి చెయ్యి అందుకోలేదు. సరిచేద్దామని చేసిన ప్రతి కదలికా ఆలస్యమై, ఊపును పెంచుతుంది. ఒక్కో ఎగురుకూ దెబ్బ పెద్దదవుతుంది. సెస్నాలో ముక్కు చక్రం బిగించి ఉండేది ఇంజిన్ వెనుకనున్న ఫైర్‌వాల్‌కు. కాబట్టి చక్రం వంగితే ఆ గోడా నలుగుతుంది. ప్రొపెల్లర్ అంచు నేలకు తగిలితే, బయటికి ఏమీ కనిపించకపోయినా ఇంజిన్‌ను క్షుణ్ణంగా పరీక్షించాల్సిందే.

దీనికి మందు ఒకటే: గో-అరౌండ్. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముక్కును నిలకడగా పట్టుకుని, ఫ్లాప్స్‌ను 20 డిగ్రీలకు తగ్గించి, వేగం పుంజుకున్నాక పైకి వెళ్లి మళ్లీ ప్రయత్నించడం. చదవడానికి తేలికే. కానీ దిగాలన్న పట్టుదల మనసంతా నిండి ఉన్నప్పుడు చెయ్యి థ్రాటిల్ మీదికి పోదు. ఒంటరిగా ఎగురుతున్న విద్యార్థికి పక్కన చెప్పేవాళ్లూ ఉండరు.

శిక్షకులకు నా విన్నపం ఇదే: మీ విద్యార్థిని తొలిసారి ఒంటరిగా పంపేముందు, ఎగిరిపడిన విమానాన్ని తనంతట తాను గో-అరౌండ్ చేసి చూపించాకే పంపండి. గో-అరౌండ్ చేసి వచ్చినవాళ్లను ఎందుకు దిగలేదని మాత్రం నిలదీయకండి.